ఠాణాకు దానమా, సాక్ష్యమా?

ఏటేట అక్టోబరు 21వ తేదిని దేశమందంతటను పోలీసు అమరవీరుల సంస్మరణ దినము జరుపబడుచున్నది. 1959వ సంవత్సరమున ఆ దినమున లడఖు ప్రాంతమందలి హాట్ స్ప్రింగ్సు కడ చైనా సైనికుల కాల్పులకు మన రక్షకభటులు పదిమంది బలియైరి. వారి జ్ఞాపకార్థ మేర్పడిన యీ దినమున మన చిన్న పట్టణములందు సైతము విద్యార్థులు బారులు తీరి నడచుచున్నారు. పురప్రముఖులు పూలదండలు సమర్పించుచున్నారు. వేదికలపై పోలీసుల త్యాగమును వేనోళ్ళ కొనియాడుచున్నారు. ఇది యెంతయు నుచితము. కాని మే మడుగదలచిన ప్రశ్న మరునాటిని గూర్చినది. అక్టోబరు 22వ తేదిని ఆ పట్టణము తన ఠాణాకు చేయుచున్న సహాయ మేమి? చేయవలసిన సహాయ మేమి? ఈ రెంటి నడుమ గల యంతరము చిన్నది కాదని మా యభిప్రాయము.

మహానగరములందు పౌరునకును భటునకును ముఖపరిచయము లేదు. పల్లెలలో భటుడు అరుదుగా గాని కానరాడు. చిన్న పట్టణము సంగతి వేరు. అచట ఫిర్యాదియు, ముద్దాయియు, సాక్షియు, వకీలును, హెడ్ కానిస్టేబులును ఒకే సంతలో కూరగాయలు కొందురు. వారి బిడ్డలు ఒకే పాఠశాలలో చదువుదురు. సబ్ ఇన్‌స్పెక్టరు ఎవరి యింట భోజనము చేసెనో, ఎవరి కారులో తిరిగెనో సాయంకాలమునకు ఊరంతయు నెరుగును. ఇట్టిచోట ఠాణాపై జనులకు గల విశ్వాసము శాసనముల వలన గాక, నిత్యము కంటబడు నడవడి వలన నిలుచును, దానివలననే చెడును.

ఇప్పుడు మన పట్టణములందు ‘పోలీసులకు చేయూత’ యనుమాట వినబడినంతనే మనసున దోచునది దానము. ఒక రైస్‌మిల్లు యజమాని ఠాణాకు కుర్చీలు బల్లలు ఇచ్చును. ఒక వర్తకుడు జీపునకు డీజిలు పోయించును. వర్తకసంఘమువారు చందాలు వేసికొని వీధులలో సి.సి. కెమెరాలు పెట్టింతురు. ఒక భూస్వామి ఠాణా ప్రహరీగోడ కట్టించి దానిపై తన తండ్రి పేరు చెక్కించును. ఇచ్చువారిలో పెక్కురు సద్బుద్ధితోనే యిచ్చుచున్నారు. 2020వ సంవత్సరమున కరోనా లాక్‌డౌను నాళ్ళలో మండుటెండలో కూడళ్ళ నిలిచిన భటులకు మజ్జిగయు అన్నమును అందించిన గృహిణులను మే మెన్నటికి నాక్షేపింపము. దప్పికగొన్నవానికి నీరిచ్చుట మానవధర్మము. ఠాణా నడచుటకు వలయు ఖర్చును ఊరిలోని ధనికులు భరించుట వేరొక విషయము. మొదటిది దయ, రెండవది కాలక్రమమున హక్కుగా మారును.

ఇట్టి దానములకు చోటేల కలిగెనో మొదట విచారింపవలయును. 2014వ సంవత్సరమున కేంద్ర పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ కొరకు హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీవారు దేశమందలి ఠాణాల పనిగంటలను పరిశీలించిరి. ఠాణా సిబ్బందిలో నూటికి సుమారు 90 మంది దినమునకు 8 గంటలకు మించి పనిచేయుచున్నారని తేలినది. తమ సిబ్బంది 11 గంటలు లేదా అంతకు పైగా పనిలో నుండవలసి వచ్చుచున్నదని ఠాణా యధికారులలో నూటికి 68 మంది చెప్పిరి. నెలకొక్క వారపు సెలవైనను దొరకనివారు నూటికి 70 మందికి పైబడి యుండిరి. 2020వ సంవత్సరారంభపు లెక్కలనుబట్టి దేశమున లక్ష జనాభాకు సుమారు 195 మంది పోలీసులు మంజూరు కాగా, వాస్తవముగా పనిలో నున్నవారు సుమారు 155 మంది. అనగా ప్రతి యయిదుగురిలో ఒకని స్థానము ఖాళీ. ఆ లేనివాని పని యున్న నలుగురి మెడపై బడుచున్నది. నిద్ర చాలని మనుష్యునినుండి మృదుభాషణమును, నిష్పాక్షికమైన దర్యాప్తును ఆశించుట యెట్లు?

మనుష్యులు చాలకున్నట్లే ధనమును చాలదు. శవపరీక్షకు శవమును తరలించుటకు బండి బాడుగ, ముద్దాయిని కోర్టునకు గొనిపోవుటకు ఖర్చు, కాగితములు, డీజిలు — వీని కన్నిటికి సర్కారు సొమ్ము సకాలమున రానిచో, ఆ భారము ఫిర్యాదిపైనైన బడవలెను, పట్టణపు ధనికునిపైనైన బడవలెను. తెలంగాణమున 2014 తరువాత ఠాణాల నెలవారీ ఖర్చులకు ప్రత్యేకముగా సొమ్మిచ్చు పద్ధతి నారంభించుట యీ లోపమును గుర్తించుటయే. లోపము సర్కారుది, కాని దానిని పూరించు మిషతో ఠాణాలో నడుగిడువాడు స్థానిక ధనికుడు.

ఈ సంబంధమునకు మన చరిత్రలో వేళ్ళు కలవు. పూర్వము మన సీమలలో కావలికాండ్రకు రైతులు పంటలో మేర కొలుచుచుండిరి. 1816వ సంవత్సరమున మద్రాసు రాజధానిలో గ్రామాధికారులకును తలారులకును పోలీసు విధు లప్పగింపబడెను. ఆ తలారి ఊరివాడు, ఊరి దొంగల నెరిగినవాడు. కాని పెద్దకాపు కన్నెఱ్ఱజేసిన నోరు మెదపలేనివాడు. 1859వ సంవత్సరమున మద్రాసు రాజధానిలోను, 1861వ సంవత్సరమున బ్రిటిషు ఇండియాలోను క్రొత్త పోలీసు చట్టములు వచ్చెను. 1857 నాటి తిరుగుబాటు జ్ఞాపకము చల్లారక మునుపే పుట్టిన యీ వ్యవస్థకు మాదిరి లండను నగరపు పోలీసు కాదు. పరతంత్రమైన ఐర్లండును అణచియుంచుటకు నిర్మింపబడిన సాయుధ పోలీసు. అందు భటుడు జనులకు జవాబుదారి కాడు, దొరతనమునకు జవాబుదారి. 1902–03 నాటి పోలీసు కమీషనువారే యీ శాఖ అసమర్థమనియు, జనులు దానిని అవినీతిమయముగను పీడాకరముగను భావించుచున్నారనియు వ్రాయవలసి వచ్చెను.

కావుననే 1922వ సంవత్సరము ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి సలిపి తుపాకులు గొనిపోగా ఆంధ్రదేశము దానిని వీరకృత్యముగా నెంచెను. ఆనాడు ఠాణా పరాయివానిది. 1947లో ప్రభుత్వము మనదయ్యెను. ఠాణాపై గోడవ్రాతలు మారెను. కాని దానిని చూచి తలవంచుకొని ప్రక్కకు తొలగు నలవాటు మారలేదు. చట్టము సైతము ఆ యవిశ్వాసమును విడువలేదు. పోలీసు అధికారి యెదుట ముద్దాయి చేసిన నేరాంగీకారము చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును అదే చెప్పుచున్నది. ఆ నిబంధన యుండవలసినదే. కాని స్వతంత్రులమై ఇన్ని యేండ్లు గడచినను దాని యవసరము తీరకుండుట మనకు గర్వకారణము కాదు.

భయముచే ఠాణాకు దూరముగా నుండుట యొక దోషము. లాభాపేక్షతో దానికి మిక్కిలి సమీపించుట రెండవ దోషము. చిన్న పట్టణములందు సామాన్యులు మొదటిదానిని, సంపన్నులు రెండవదానిని అనుసరించుచున్నారు. ఠాణాకు జీపు సమకూర్చిన భూస్వామికిని అతని కౌలుదారునకును రేపు గట్టు తగాదా వచ్చెననుకొందము. కౌలుదారు ఫిర్యాదు తీసికొని ఠాణా మెట్లెక్కును. ఎదుట నిలిచిన జీపుపై తన ప్రతివాది పేరు కనబడును. లోపల నున్న సబ్ ఇన్‌స్పెక్టరు ధర్మమూర్తియే కావచ్చును, న్యాయమే చేయవచ్చును. ఐనను ఆ కౌలుదారు నమ్మునా? ఫిర్యాదును మడచి జేబులో పెట్టుకొని వెనుదిరిగినచో ఆ దోష మెవరిది? భూస్వామి కోరినను కోరకున్నను ఆ జీపు అతని పక్షమున సాక్ష్యము చెప్పుచునే యుండును. నిజాయితీపరుడైన యధికారికి ఇట్టి దానమువలన కలుగు నష్టము మరింత దుస్సహము: అతడు చేసిన న్యాయము గూడ అమ్ముడువోయినదిగా జనులు తలంతురు.

ధనమును ఠాణాను ముడిపెట్టుటవలన గలుగు ననర్థము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో అనేక చిన్న పట్టణములు తమ పోలీసు శాఖను తామే పోషించుకొనును. మిస్సోరి రాష్ట్రమందలి ఫెర్గూసను అట్టిది. సుమారు 21 వేల జనాభా గలది. 2014 ఆగస్టులో అచట నల్లజాతి యువకుడొకడు పోలీసు కాల్పులలో మరణింపగా దేశమంతయు కలవరపడెను. ఆ పిమ్మట అమెరికా న్యాయశాఖవారు విచారించి 1915లో గాదు, 2015 మార్చిలో — అనగా మన కండ్లయెదుటనే — ప్రకటించిన నివేదికలో ఆ పట్టణపు పోలీసులు ప్రజాక్షేమముకన్న జరిమానాల రాబడిని ముఖ్యముగా నెంచిరనియు, ఆ భారము నల్లజాతివారిపై అధికముగా బడెననియు తేల్చిరి. అచట పురపాలకసంఘపు బొక్కసము ఠాణాను చెరచెను. ఇచట ధనికుని జేబు చెరుపవచ్చును. త్రోవలు వేరైనను ఠాణా సొమ్మునకు లోబడెనేని బలహీనుడు నష్టపోవుట రెండుచోట్లను ఒకటియే.

ధనమునకు బదులు మనుష్యులనే యిత్తమన్నచో? ఆ ప్రయత్నమును మన పొరుగున జరిగినది. 1993వ సంవత్సరమున తమిళనాడులోని రామనాథపురము జిల్లాలో ‘పోలీసు మిత్రులు’ అను నుద్యమ మారంభమై రాష్ట్రమంతట వ్యాపించెను. పౌరులు పహరాలో, జనసమ్మర్దమును సర్దుటలో పోలీసులకు తోడ్పడుట దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని 2020 జూన్ 19వ తేదిని తూత్తుకుడి జిల్లాలోని సాతాన్‌కుళమను చిన్న పట్టణమున, లాక్‌డౌను వేళ మించి సెల్‌ఫోను దుకాణము తెరచియుంచిరను నెపమున తండ్రీకొడుకులను ఠాణాకు గొనిపోయిరి. మూడు నాలుగు దినములలో నిరువురును మరణించిరి. సి.బి.ఐ. వారు తొమ్మండుగురు పోలీసులపై హత్యానేరము మోపిరి. పోలీసు మిత్రుల పాత్రనుగూర్చియు నారోపణలు రాగా, ఆ జూలైలోనే తమిళనాడు ప్రభుత్వము ఆ సంస్థను నిషేధించెను. చట్టము నిచ్చిన బాధ్యత లేక లాఠీ నీడ మాత్రము పొందినవాడు పౌరునకు గాని పోలీసునకు గాని మిత్రుడు కాజాలడు.

అదే సాతాన్‌కుళము వృత్తాంతమున మరువరాని విశేష మొకటి కలదు. ఆ రాత్రి ఠాణాలో పనిలో నున్న ఒక మహిళా హెడ్ కానిస్టేబులు తాను చూచినదానిని న్యాయాధికారి యెదుట చెప్పెను. తన పై యధికారులకు ప్రతికూలముగా, వారి నడుమనే యుద్యోగము చేయవలసిన స్త్రీ పలికిన పలుకు లవి. పోలీసు శాఖకు ఆమె చేసిన సేవకు సరివచ్చు దానమును ఏ సంపన్నుడు చేయగలడు?

ఇందుకు భిన్నమైన మార్గమును కేరళము చూపినది. 2008వ సంవత్సరమున నారంభమైన ‘జనమైత్రి’ పథకమున బీటు కానిస్టేబులు తన ప్రాంతమందలి యిండ్లకు స్వయముగా పోయి జనుల నెరుగును. ఠాణాకొక పౌరసమితి యుండి కష్టసుఖములు చర్చించును. అందు పౌరుడు లాఠీ పట్టడు. మాట చెప్పును, మాట వినును. భటుడే గడపకు వచ్చుటచేత ధనికుని సిఫారసు లేనివాడును అతనితో మాటాడగలుగును. ఆ పథకమున లోపము లుండవచ్చును. కాని దిక్కు సరియైనది.

ఇక మన పట్టణములు చేయవలసిన దేమి? మొదటిది సాక్ష్యము. ఇంటిని గాని దుకాణమును గాని సోదాచేయునపుడు, ఆ ప్రాంతమున నివసించు నిష్పాక్షికులు, గౌరవనీయులు నగు ఇరువురను లేదా అంతకు మించి పిలువవలెనని దండవిధాన చట్టము పూర్వము చెప్పుచుండెను. 2023 నాటి నాగరిక సురక్షా సంహితయు అదే చెప్పుచున్నది. గౌరవనీయు లనగా నెవరు? మా పాఠకులే. విద్యావంతులైన భూస్వాములు, వర్తకులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు. వీరిని ఉద్దేశించియే శాసనము ఆ పదమును వాడినది. కాని పంచనామాకు మధ్యవర్తులు కావలెనని కానిస్టేబులు వీధిలోనికి వచ్చినపుడు జరుగుచున్న దేమి? దుకాణపు తలుపులు మూతబడును. గౌరవనీయులు పెరటిదారిన పొలమునకు పోవుదురు. విధిలేక ఆ భటుడు ప్రతి కేసునకు సంతకము చేయుట కలవాటుపడిన మనుష్యునే మరల పట్టుకొని వచ్చును. కోర్టులో వకీలు రెండు ప్రశ్నలతో అతనిని త్రోసివేయును, ముద్దాయి విడుదలయగును, సాయంకాలము అదే గౌరవనీయులు టీకొట్టు కడ కూర్చుండి పోలీసులు చేతగానివారని నిందింతురు. ఠాణాకు పది కుర్చీ లిచ్చి, పిలిచినపుడు రాకపోయిన పెద్దమనిషి ఆ ఠాణాకు సహాయము చేసెనా, ద్రోహము చేసెనా?

సాక్ష్యమునకు భయము కారణమని మే మెరుగుదుము. వాయిదాలకు తిరుగుట కష్టము. పగవారి బెదిరింపు నిజము. కాని భయమును తగ్గించు సాధనములు కొన్ని యేర్పడినవి. సాక్షుల రక్షణ పథకమును 2018 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆమోదించెను. అట్టి పథకమును ప్రతి రాష్ట్రమును ప్రకటింపవలెనని క్రొత్త సంహితయు విధించుచున్నది. రహదారి ప్రమాదములందు గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన పౌరుని వేధింపరాదని 2016లో సుప్రీముకోర్టు అంగీకరించిన నియమములు, 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణవలన శాసనబద్ధములైనవి. ఇప్పుడు సోదాలను వీడియో తీయవలసి యుండుటవలన మధ్యవర్తి మాటకు బలము చేకూరినది. ఈ హక్కులను వర్తకసంఘములు, రైతుసంఘములు, న్యాయవాదులు జనులకు విప్పి చెప్పవలెను. సాక్షి కోర్టునకు పోవునాడు అతని వెంట నలుగురు పెద్దలు నడచినచో బెదిరించువాడు వెనుకాడును. ఇందులకు రూపాయి ఖర్చు లేదు.

రెండవది, భటుని కష్టమును ప్రభుత్వముతో తగవాడి తీర్చుట. పోలీసు శాఖ రాజ్యాంగము ననుసరించి రాష్ట్రముల యధీనమున నున్నది. ఖాళీలు పూరింపుమని, గృహములు కట్టింపుమని, వారమునకొక సెలవిమ్మని శాసనసభ్యుని యడుగువాడు పౌరుడే కావలెను; క్రమశిక్షణకు లోబడిన కానిస్టేబులు వీధిలోనికి వచ్చి యడుగలేడు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశమున వారపు సెలవు ప్రకటింపబడెను. కాని మనుష్యుల సంఖ్య పెంపక సెలవిచ్చుట యనగా ఒకని నిద్రను రెండవవానినుండి తీసియిచ్చుటయే. మన పెద్దలు శాసనసభ్యుని యింటికి పోవుచునే యున్నారు, కాని యెందులకు? ఫలానా సబ్ ఇన్‌స్పెక్టరు మాట వినడు గనుక బదిలీ చేయింపుమనుటకు! 2006 సెప్టెంబరు 22వ తేదిని ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన యేడు ఆదేశములలో, ఠాణా యధికారిని రెండేండ్లవరకు కారణములేక కదల్పరాదనునది యొకటి. ఆ యాదేశము చెల్లకపోవుటలో మన సిఫారసు లేఖలకును పాలు కలదు. నిష్పాక్షికుడైన యధికారిని ఊరిలో నిలుపుకొనుటయే ఊరు అతనికి చేయదగిన మొదటి సన్మానము.

మూడవది, తప్పు చేసిననాడు తప్పని చెప్పుట. పోలీసును సమర్థించుట యనగా పోలీసు చేసిన ప్రతి పనిని సమర్థించుట కాదు. రాష్ట్రస్థాయిని, జిల్లాస్థాయిని పోలీసులపై ఫిర్యాదులను విచారించు సంస్థలుండవలెనని ఆ 2006 నాటి తీర్పే చెప్పెను. 2020 డిసెంబరు 2వ తేదిని సుప్రీముకోర్టు ప్రతి ఠాణాలోను సి.సి. కెమెరాలుండవలె ననియు, వాని పర్యవేక్షణకు జిల్లా సంఘము లుండవలె ననియు, వానిలో జిల్లాపరిషత్తు గాని పురపాలకసంఘము గాని అధ్యక్షునకు స్థాన ముండవలె ననియు నాదేశించెను. వీధిలోని కెమెరాకు చందా నిచ్చు మనము, ఠాణాలోని కెమెరా పనిచేయుచున్నదా యని ఒక్కమారైన నడిగితిమా? మొదటిది మన సొత్తును కాపాడును. రెండవది మన కూలివాని ప్రాణమును, దానితో కూడ నీతిపరుడైన భటుని పరువును కాపాడును.

సర్కారు సొమ్ము వచ్చువరకు ఠాణా జీపు డీజిలు లేక నిలిచిపోవలెనా యని కొంద రడుగవచ్చును. ప్రశ్న సహేతుకము. ఇవ్వదలచినవారు ఇయ్యవచ్చును, కాని ఫలానా ఠాణాకు, ఫలానా యధికారి చేతికి ఇయ్యరాదు. జిల్లాకంతకు నొక్కటిగా, రసీదుతో, ప్రభుత్వపు లెక్కలలో చేరునట్లు ఇయ్యవలెను. ఆ లెక్కలు ఏటేట ప్రకటింపబడవలెను. దాత పేరు గోడపై గాని వాహనముపై గాని కనబడరాదు. పేరు లేనిచో ఇయ్యనని చెప్పు దాత ఆ సొమ్మును తన యింటనే యుంచుకొనుట ఊరికి మేలు.

మా మాట కొందరికి కటువుగా దోచవచ్చును. ఠాణాకు చేయూత నిచ్చువారిలో మా పాఠకులే యగ్రగణ్యులు గనుక వారితోనే చెప్పుచున్నాము. మన పట్టణములందలి కానిస్టేబులు మనవాడు. మన రైతుబిడ్డ, మన కూలిబిడ్డ. అతనికి కావలసినది మన పేరు చెక్కిన కుర్చీ కాదు. పిలిచినపుడు మన సాక్ష్యము. అలసినపుడు మన పక్షవాదము. తప్పినపుడు మన నిర్భయమైన మందలింపు. రానున్న అక్టోబరు 21న దండ పట్టుకొని స్తూపమువద్దకు పోవు ప్రతి పెద్దయు, తాను గడచిన యేట ఎన్ని పంచనామాలకు నిలిచెనో, ఎన్ని సిఫారసు లేఖలు వ్రాసెనో ఒకమారు లెక్క చూచుకొని పోవుగాక.